పీనుగ లేని ఒప్పారి

నా భార్య చావుపాటను నా కొడుకు ఊరందరికీ వినిపించినాడు. ఆ పాటలో నన్ను దోషిగా నిలబెట్టినాడు. ఇందులో అనుమానమేమీ లేదు. ఎవరి దగ్గరా తీర్పు అడగడం లేదు.

నా పేరు మునెయ్య. పాకాలలో ఉంటాను. ముప్పైరెండేళ్లు రైల్వేలో కీమ్యాన్‌గా చేసినాను. కీమ్యాన్ అంటే పొద్దున్నే సుత్తి భుజాన వేసుకుని, ఎర్రజెండా పచ్చజెండా చంకలో పెట్టుకుని, పట్టా వెంబడి ఏడు కిలోమీటర్లు నడిచేవాడు. పట్టాను పట్టి ఉంచే కీ ఏదైనా వదులైతే కనిపెట్టి బిగించేవాడు. కంటితో చూసేది తక్కువ, సుత్తితో తట్టి వినేది ఎక్కువ. బిగువుగా ఉంటే ఠంగుమంటుంది. వదులైతే చచ్చిన శబ్దం వస్తుంది. నేను నడిచే బీట్‌లో ఒక్కసారి కూడా బండి పట్టా తప్పలేదు. గొప్పకు చెప్పడం లేదు. నా చెవి ఎట్లాంటిదో ముందే తెలియాలని చెప్తున్నాను.

పోయిన మామిడికాలంలో, కాయల ట్రాక్టర్లు మా వీధిలో పొద్దస్తమానం తిరిగే రోజుల్లో, నా కొడుకు మునిచంద్ర ఇంటికి వచ్చినాడు. ఒక్కడే రాలేదు. డ్రమ్ములు వాయించే ఇమ్మానుయేల్, కీబోర్డు వాయిస్తూ పాడే జాహ్నవి వచ్చినారు. వీడు గిటారు. ముగ్గురిదీ ఒక బ్యాండు. పేరు మీటర్‌గేజ్, పాత చిన్నలైను పేరే. మావాడు ఇంజనీరింగ్ చదివి, చేరిన ఉద్యోగం వదిలేసి, తిరుపతిలో ఒక లాడ్జి మీద గది తీసుకుని ఈ పని చేస్తున్నాడు. వాళ్ల పాటలు సినిమా పాటల మాదిరి ఉండవు. ఒక్కోటి పావుగంట, ఇరవై నిమిషాలు. నడుస్తా నడుస్తా తాళం మారిపోతుంది. మాట వస్తుందనుకున్న చోట రాదు. దాన్ని ప్రోగ్రెసివ్ రాక్ అంటారంట. తిరుపతి గదిలో ఆటోల మోత ఎక్కువగా ఉందని, రెండో ఆల్బమ్ మా ఇంట్లో రికార్డు చేస్తామని వచ్చినారు.

నాతో రైల్వే గ్యాంగులో పనిచేసిన దయానంద్ ఆ రోజు మా పంచలోనే కూర్చుని ఉన్నాడు.

"ఆల్బమ్ అంటే పెండ్లి ఫోటోలు కదప్పా? వీనికి పెండ్లే కాలేదు, రెండో ఆల్బమ్ యాడిదబ్బా?" అన్నాడు.

"మొదటిది నువ్వు ఇన్లేదా మామా?" అన్నాడు ఇమ్మానుయేల్. వాడు పాకాల పిల్లోడే, చిన్నప్పటి నుంచి మా ఇంట్లో తిని పెరిగినోడు.

"ఇన్నా. అంతా ఇంగ్లీషు. మా బర్రె రెండ్రోజులు పాలీలే."

అందరూ నవ్వినారు. జాహ్నవి మాత్రం వైర్లు విప్పుతూ అంది, "నిజమే అంకుల్. మొదటి ఆల్బమ్ ఎవరైనా చేస్తారు. ఎవరెవరిని విని పెరిగినామో వాళ్ళనే తిరిగి అప్పజెప్తాం. మాదీ అంతే. రెండోదాంట్లో తెలిసిపోతుంది, మనకంటూ ఏమన్నా ఉండాదా లేదా అని. ఇది పోయిందంటే బ్యాండు లేదు. ఇమ్మానుయేల్ వాళ్ళన్న పంక్చర్ షాపులో కూర్చుంటాడు. నేను బ్యాంకు పరీక్షలు రాసుకుంటా."

"మావోడు?" అన్నాను.

"వాడికి మీ సుత్తి ఇచ్చేయండి."

ఆ పిల్ల మాట నాకు నచ్చింది. ఆ సంగతి కూడా దాచను. మా వాకిట్లో పాత మీటర్‌గేజ్ పట్టాముక్క ఒకటి మెట్టుగా వేసి ఉంటుంది. దాన్ని చూపించి, కీమ్యాన్ పని ఎట్లా ఉంటుందో కొట్టి చూపించమంది. రిటైరైన రోజు మేస్త్రీ నాకే వదిలేసిన సుత్తి తెచ్చి కొట్టినాను. ఆరు దెబ్బలు ఠంగుమని, ఏడోది వదులు కీ మాదిరి పట్టా అంచున. ఆరు, ఒకటి. ఆరు, ఒకటి. ఇమ్మానుయేల్ మైకు పట్టుకుని మోకాళ్ల మీద కూర్చున్నాడు. నా కొడుకు కళ్లు మూసుకుని తొడ మీద వేలు కొట్టుకుంటున్నాడు. పుట్టినప్పటి నుంచి నేను చేసే పనిని వాడు అంత శ్రద్ధగా ఎప్పుడూ వినలేదు.

"నాయనా, ఇంగో తూరి," అన్నాడు. "ఇదే మా తాళం."

తాయమ్మ గడప మీద నిలబడి చూస్తోంది. నా భార్య. నేను సుత్తి దించినాక మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఇచ్చి, చిన్నగా అంది, "కడుపులో ఏందో పట్టుకున్నట్లుండాది మామా, నాలుగు దినాల నుంచి."

"వాము నీళ్ళు తాగు," అన్నాను.

రెండు రోజులు బాగానే జరిగింది. మూడోరోజు అన్నాలు తినేటప్పుడు జాహ్నవి, "అమ్మా, మీరు ఒప్పారి పాడేవాళ్ళంట కదా," అంది.

ఒప్పారి అంటే పీనుగ దగ్గర ఆడవాళ్లు పాడే ఏడుపుపాట. చచ్చినవాళ్ల మంచీ చెడ్డా, వాళ్లను బాధపెట్టినవాళ్ల పేర్లూ, అన్నీ అందులో వస్తాయి. అక్కడ ఎవరి పేరు వచ్చినా నోరెత్తకూడదు. తాయమ్మ వాళ్లమ్మ చుట్టుపక్కల ఊళ్లలో పేరుమోసిన ఒప్పారి మనిషి. పెండ్లికి ముందు తాయమ్మ కూడా ఆమె వెంట పోయేది. పెండ్లయిన కొత్తలో మా గ్యాంగులో ఒకడు, "మునెయ్య పెండ్లాం పీనుగ లేస్తేనే నోరు తెరుస్తాదంట," అన్నాడు. ఆ రోజు ఇంటికొచ్చి, ఇంక పాడొద్దన్నాను. ఒక్కసారే చెప్పినాను. ఆమె ముప్పైయొక్క సంవత్సరాలు పాటించింది. వాళ్లమ్మ చచ్చినప్పుడు కూడా నోట్లో కొంగు పెట్టుకుని కూర్చుంది.

"ఎవరు చెప్పినారు నీకు?" అన్నాను.

జాహ్నవి నా కొడుకు వైపు చూసింది.

"నేనే సెప్పినా," అన్నాడు మునిచంద్ర. "నాయనా, నీ సుత్తి మీద అమ్మ గొంతు వస్తే..."

"నా ఇంట్లో పీనుగ లేదు."

"రికార్డింగే కదా నాయనా..."

"పీనుగ లేని ఇంట్లో ఒప్పారి పాడితే ఇల్లు పీనుగను అడుగుతాది. తెల్దా నీకు? ఇంజనీరింగులో సెప్పలేదా?"

ఇమ్మానుయేల్ ముద్ద నోటి దగ్గర ఆపేసినాడు. తాయమ్మ చారు పోస్తున్నది పోస్తున్నట్లే ఉంది. "పిల్లోళ్ళను తిన్నీ మామా," అంది. "నాగ్గూడా కడుపు బాలేదు, అరవద్దు."

నేను లేచి పోయి మైకు వైరు పెరికినాను. డబ్బాలన్నీ వాకిట్లో పెట్టించినాను. ఆ మధ్యాహ్నమే ముగ్గురూ తిరుపతి బస్సు ఎక్కినారు. పోయేటప్పుడు జాహ్నవి తాయమ్మ కాళ్లకు దండం పెట్టింది. నాకు పెట్టలేదు.

ఆ తరువాతి సోమవారం తాయమ్మ, "కాణిపాకానికి మొక్కుకున్నా. పదకొండు మంగళవారాలు పోయి రావాల," అంది.

"దేనికి?"

"వానికి మంచి జరగాలని."

సరే అన్నాను. దేవుడి పని. పొద్దున ఏడు గంటలకు పోయేది, సాయంత్రానికి వచ్చేది. వచ్చేటప్పుడు కాగితంలో విభూతి తెచ్చి నా నుదుట పెట్టేది. నాలుగో వారానికి చెంపలు లోపలికి పోయినాయి. ఉపవాసం అనుకున్నాను. ఆరో వారంలో ఒకరోజు పిండి రుబ్బుతా రుబ్బుతా ఆపి, గోడకు ఆనుకుని కూర్చుంది.

"ఏమి?" అన్నాను.

"కడుపు మామా."

"మొక్కు తీరినాక ఆస్పత్రికి పోదాంలే. ముందు తిండి తిను."

ఆమె నా వైపు చూసి నవ్వింది. ఆ నవ్వు ఏమిటో నాకు అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమైంది. అర్థమైనందుకు నాకు ఎవరి మీదా కృతజ్ఞత లేదు.

తొమ్మిదో మంగళవారం ఆమె తిరిగి రాలేదు. ఇమ్మానుయేల్ ఫోన్ చేసినాడు. "పెదనాయనా, తిరుపతికి రా. పెద్దాసుపత్రికి."

"కాణిపాకం పోయిన మనిషి తిరుపతిలో ఏం జేస్తాంది?"

"నువ్వు రా పెదనాయనా."

పోయినాను. మంచం పక్కన నా కొడుకు కూర్చుని ఉన్నాడు. వాడి ఒళ్లో ఒక ఫైలు. ఆస్పత్రి ఫైలు. ఆ రోజు మొదలుపెట్టిన ఫైలు అంత లావు ఉండదు. డాక్టరమ్మ నాతో మాట్లాడలేదు, వాడితోనే మాట్లాడింది. వాడు తలూపుతూ అన్నీ తెలిసినట్లు జవాబులు చెప్పినాడు. పేగులో గడ్డ. అప్పటికే కాలేయానికి పాకింది. ఎనిమిది మంగళవారాలు ఆమె అక్కడికే వచ్చింది.

"నాకు సెప్పలేదేమి రా?"

"అమ్మ సెప్పొద్దనింది."

"నేనెవర్ని రా?"

వాడు ఫైలు మూసినాడు.

వినాయకుడి పేరు చెప్పి అబద్ధమాడింది. తిరుపతి బస్టాండులో కొన్న విభూతిని నా నుదుట పెట్టింది. మంచం మీద పడుకున్న మనిషిని ఆ మాట అడగలేకపోయినాను. తరువాత అడగడానికి మనిషి లేదు. పన్నెండు రోజులు బతికింది.

పీనుగను పాకాలకు తెచ్చినాం. వాళ్ల ఊరి ఆడవాళ్లు వచ్చినారు. తాయమ్మ చెల్లెలు మునిలక్ష్మి జుట్టు విప్పుకుని, రొమ్ము మీద చెయ్యి వేసుకుని మొదటి మాట ఎత్తుకుంది. నేను చెయ్యెత్తినాను.

"ఈ ఇంట్లో ఒప్పారి లేదు."

"బావా, అక్కప్పా! మాయమ్మ కూతురప్పా! నోరుమూసుకోని పంపిస్తామా?"

"ఆమె బతికినన్నాళ్ళూ పాడలేదు. ఆమెకూ వద్దు."

ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. వీధిలో పలక డప్పులు మోగుతూనే ఉన్నాయి, లోపల మాత్రం ఎవరి గొంతూ లేవలేదు. మునిచంద్ర తల ఎత్తి ఇమ్మానుయేల్ వైపు చూసినాడు. అంతే. నాకు అడ్డం రాలేదు. చెప్పిన మాట వింటున్నాడు అనుకున్నాను. మూర్ఖుణ్ణి. ఆమెకు పాడాల్సిన పాట అప్పటికే పాడి అయిపోయింది, వాడికి ఆ సంగతి తెలుసు.

దినాలు ముగిసి నెల తిరిగింది. వినాయకచవితికి ఇంకా వారం ఉంది. స్టేషన్ ఎదురుగా టీకొట్టు దగ్గర కూర్చుని ఉన్నాను. దయానంద్ ఫోన్ పట్టుకుని వచ్చినాడు. వచ్చినవాడు ఎప్పటిలాగా ఎగతాళి చెయ్యలేదు.

"మునెయ్యా, మీవోని రెండో ఆల్బమ్ వచ్చిందప్పా. నా మనవరాలు ఎక్కించి ఇచ్చింది. నువ్వు ఇన్నావా?"

"నాకెందుకు?"

"కడాపాట, ఆఖర్న ఉండాది. పంతొమ్మిది నిమిషాలు." ఫోన్ నా వైపు తిప్పినాడు. "మా చెల్లెలి గొంతప్పా."

తాయమ్మను వాడు చెల్లెలు అనేవాడు. ఫోన్ బల్ల మీద పెట్టి శబ్దం పెంచినాడు.

ముందు సుత్తి. నా సుత్తే. ఆరు దెబ్బలు ఠంగుమని, ఏడోది చచ్చిన దెబ్బ. దాని కింద డ్రమ్ము మెల్లగా నడుస్తోంది, కంకరలో కాళ్లు నడిచినట్లు. గిటారు దూరంగా, సిగ్నల్ దాటని బండి కూత మాదిరి. అట్లా నాలుగు నిమిషాలు. తరువాత సుత్తి తప్ప అన్నీ ఆగిపోయినాయి. ఆమె ఎత్తుకుంది.

పట్టా వెంట పోతావు నా మామా
పచ్చజెండ పట్టుకోని పోతావు
మైళ్లకొద్ది ఇనుము మాట ఇంటావు
ఇంట్లో దాని మాట ఇనలేదు

సుత్తి తట్టి సూస్తివి నా మామా
సూదంత వదులైన కనుక్కుంటివి
కడుపు పట్టుకోని నే కూసుంటే
వామునీళ్లు తాగుపోమని అంటివి

టీ కాచేవాడు గిన్నె దించి నిలబడిపోయినాడు. బండి కోసం వచ్చిన ఎవరో మనిషి, "ఎవరప్పా ఈయమ్మ? గుండె పట్టుకుండాది," అన్నాడు. దయానంద్ ఫోన్ వైపే చూస్తున్నాడు.

నేను ఇంకొకటి విన్నాను. అది వాళ్లెవరికీ వినిపించలేదు. ఏడో దెబ్బ పడిన ప్రతిసారీ ఆమె ఊపిరి ఒక్క క్షణం తెగుతోంది. అది పాటలో భాగం కాదు. నొప్పి. ఎనిమిది వారాలు కాదు, ఎంతోకాలంగా ఉన్న నొప్పి. వదులు కీ శబ్దం నాకు తెలియదా?

ఫోన్ తీసి దయానంద్ చేతిలో పెట్టినాను. తిరుపతి బస్సు ఎక్కినాను.

లాడ్జి మీద గదిలో ముగ్గురూ ఉన్నారు. శబ్దం ఆపడానికి గోడకు గుడ్లట్టలు అంటించి ఉన్నాయి. ఆ గదిలోనే, ఆస్పత్రిలో మందు ఎక్కించుకున్నాక, ఆమె కూర్చుని పాడింది. కుర్చీ చూపించినారు. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ.

"ఆ పాట తీసెయ్," అన్నాను.

"అది తీసేస్తే ఆల్బమే లేదంకుల్," అంది జాహ్నవి. "మిగిలిన నాలుగు పాటలూ దానికోసమే నడుస్తాయి. బెంగళూరులో ఒకాయన దీనిమీద మూడు పేజీలు రాసినాడు. మన భాషలో, మన తాళంలో ఇట్లాంటిది ఇంతవరకు రాలేదన్నాడు. పూణేలో పాడమని పిలిచినారు. మొదటి ఆల్బమ్‌కి మేమెవరమో ఎవరికీ తెలీదు. ఇప్పుడు..."

"ఇప్పుడు నా పెండ్లాం పీనుగ మీద నిలబడుకోని పేరు తెచ్చుకున్నారు."

ఆ పిల్ల ముఖం తెల్లబడింది. ఇమ్మానుయేల్ లేచి, "పెదనాయనా, ఆ మాట అనొద్దు. మేము వద్దన్నాము. అమ్మే..." అన్నాడు.

"నువ్వు మూసుకో. రేయ్ మునిచంద్రా. నువ్వే పాడించినావు. జబ్బుమనిషిని కూర్చోబెట్టి, నామీద మాటలు నేర్పించి పాడించినావు."

"లేదు నాయనా."

"కాణిపాకంలో సెప్పు ఆ మాట."

మా సీమలో ఇది ఆఖరి మాట. కోర్టులో అబద్ధం చెప్పినవాడు కూడా కాణిపాకం వినాయకుడి ముందు చెప్పడు. తలమీద నీళ్లు పోసుకుని, తడిబట్టలతో నిలబడి చెప్పాలి. వాడు వెనక్కి తగ్గుతాడని, తగ్గితే పాట తీయిస్తానని నా లెక్క.

"పద," అన్నాడు.

మరుసటి రోజు మంగళవారం. బస్సులో వాడు ముందు సీటు, నేను వెనక సీటు. దారి పొడుగునా చవితి బొమ్మల లారీలు. ఇద్దరం తలమీద నీళ్లు పోసుకున్నాం. నీళ్లోడుతూ లైనులో నిలబడినాం. జనం మమ్మల్ని చూసి దారి ఇచ్చినారు. తడిబట్టలు ఎందుకో ఇక్కడ అందరికీ తెలుసు.

స్వామి ఎదురుగా వాడు చేతులు జోడించినాడు.

"మా అమ్మను పాడమని నేను అడగలేదు. మొదటి మంగళవారం ఆస్పత్రి నుంచి గదికి తనే వచ్చింది. 'నేను పోతే మీ నాయన ఎవర్నీ పాడనీడు. నాది నేనే పాడుకుంటా, పట్టుకో,' అనింది. ఒక్క మాట కూడా నేను నేర్పలేదు. ఇది అబద్ధమైతే నా చేతులు పడిపోనీ."

గిటారు వాయించే చేతులు. అవి జోడించి అన్నాడు.

తరువాత నా వైపు తిరిగినాడు.

"ఇప్పుడు నువ్వు సెప్పు నాయనా. కడుపు నొస్తాందని అమ్మ నీకు ఒక్కసారన్నా సెప్పలేదని ప్రమాణం చెయ్యి. చేస్తే ఇప్పుడే ఈడ నుంచే ఫోన్ చేసి తీసేయిస్తా. బ్యాండు పోనీ. పూణే పోనీ."

వాడు ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. తడి చెయ్యి. స్క్రీన్ మీద నీళ్లు కారుతున్నాయి, పంచె అంచుతో తుడుచుకున్నాడు. నిజంగానే తీసేసేవాడు. వాడి ముఖంలో అది కనిపించింది.

స్వామి ముందు దీపాలు వెలుగుతున్నాయి. నా పంచె నుంచి నీళ్లు కారి కాళ్ల కింద మడుగు కట్టింది. ఒక్క మాట చాలు. చెప్పలేదు అంటే చాలు.

"జరగండి సామీ, జరగండి," అన్నాడు లైను నడిపే మనిషి.

జరిగినాను.

బయట ఎండలో వాడు నా కోసం కాసేపు నిలబడినాడు. ఉండ్రాళ్ల ప్రసాదం పొట్లం నా చేతిలో పెట్టబోయినాడు. తీసుకోలేదు. వాడు తిరుపతి బస్సు ఎక్కినాడు. నేను పాకాల బస్సు ఎక్కినాను.

పాట అట్లాగే ఉంది. పూణేలో పాడినారంట. ఆ పాట వచ్చినప్పుడు జనం లేచి నిలబడినారంట. రెండో ఆల్బమ్‌తో మీటర్‌గేజ్ నిలబడిందని, ఇంక దాన్ని ఎవరూ కదిలించలేరని దయానంద్ మనవరాలు చదివి చెప్పింది. నిలబడనీ. నా సుత్తి మీదా, నా భార్య ఊపిరి మీదా నిలబడింది. వాడిని నేను క్షమించలేదు. తన చావుపాటకు నా దగ్గరికి కాకుండా ఎర్ర కుర్చీ దగ్గరికి పోయిన ఆమెను కూడా క్షమించలేదు. క్షమించని మూడో మనిషి ఒకడు ఈ ఇంట్లోనే ఉన్నాడు. వాడి సంగతి నేను చెప్పను.

వాకిట్లో పట్టాముక్కను తవ్వించి పాత ఇనుము వాడికి వేసేసినాను. సుత్తి మాత్రం ఉంది.

రేపు మంగళవారం. ఒక్కడినే కాణిపాకం పోతాను. తలమీద నీళ్లు పోసుకుని ఒకే ఒక ప్రమాణం చేస్తాను. ఆ పాట గురించి, ఆ మంగళవారాల గురించి, దయానంద్ అడిగినా, కొడుకు వచ్చి కాళ్లు పట్టుకున్నా, నా నోట ఇంక ఒక్క మాట రాదు. ఆ ప్రమాణం నేను చెయ్యగలను. నోరు మూయించేది నాకు బాగా తెలిసిన పనే. రేపటి నుంచి కుదరదు కాబట్టి ఈరోజు చెప్పినాను. అయిపోయింది.